చింతపండుతో తోమిన తూటాలు

ఆ రోజుల్లో ఇత్తడి కంటబడితే చాలు, నా చెయ్యి ఊరుకునేది కాదు. (నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. నాకు సంతకం దాకానే వచ్చు.) పరాయిదేశం వచ్చి, ఎడారి ఊరు చాండ్లర్‌లో ఇల్లు కొన్న కొత్తలో మా ఆయనకు పిస్తోలు పిచ్చి పట్టింది. పట్టించినవాడు పక్కింటి మీసాలాయన. శనివారం ఇద్దరూ తుపాకులు కాల్చే రేంజ్‌కి వెళ్ళి అట్టబొమ్మల్ని కాల్చడం, ఖాళీ అయిన తూటాల ఇత్తడి డొప్పల్ని ఏరి తెచ్చుకోవడం, వాటిలో మళ్ళీ తుపాకిమందు పోసి, గుండు బిగించి, గరాజ్‌లో కొత్త తూటాలు చేసుకోవడం. నాకైతే తిన్న విస్తరాకులు కడిగి దాచుకున్నట్టుండేది.

ఒకరోజు ఆయన ఆఫీసుకు వెళ్ళాక ఆ డొప్పల డబ్బా తెరిచాను. దీపపు కుందులు తోమకుండా వదిలేసినట్టు మసిబారి ఉన్నాయి. ఆగగలనా? చింతపండు నానబెట్టి, ఒక్కొక్కటీ బంగారంలా తోమి, పెరట్లో పాత చీర పరిచి వడియాల్లా ఎండబెట్టాను. సాయంత్రం ఆయన వచ్చి చూసి కొయ్యబారిపోయారు.

"ఏమిటే ఇది! ఎవరు టచ్ చెయ్యమన్నారు నిన్ను?"

"మెరుస్తున్నాయి కదండీ!"

"మెరుపెవడిక్కావాలి! లోపల చుక్క తడి ఉన్నా మందు సరిగ్గా కాలదు. గుండు పిస్తోలు గొట్టంలోనే ఇరుక్కుంటుంది. అది తెలీక ఇంకోటి పేల్చానంటే గొట్టం పగిలి నా చెయ్యి పోతుంది!"

అంతలో మీసాలాయన గోడ మీంచి తొంగిచూసి, ఒక డొప్ప అడిగి తీసుకుని, అటూ ఇటూ తిప్పి ఏదో అని పకపకా నవ్వాడు.

"ఏమంటున్నాడండీ?"

"తనవి కూడా తోమిపెడతావా అంటున్నాడు. ఈ ఎండలో నాలుగు రోజులు వదిలేస్తే చాలట."

అలాగే వదిలేశాం. అయినా నాకు నమ్మకం లేక శనివారం నేనూ బయలుదేరాను. చెవులకు డిప్పలు పెట్టుకుని వెనక బెంచీ మీద కూచున్నాను. ఢాం అన్నప్పుడల్లా ఒక దండం. ఢాం, దండం. ఢాం, దండం. ఇంతలో ఒకటి తుస్సుమంది. ఆయన మళ్ళీ వేలు బిగించబోతున్నారు. "స్టాప్!" అని మీసాలాయన పెట్టిన కేక నా డిప్పల్లోకి కూడా దూరింది. (నాకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో అదొకటి.) ఆయన ఆగారు. నేను మాత్రం ఏడుపు లంకించుకున్నాను. "నా చింతపండేనండీ! నా చేతులతో నేనే మీ చెయ్యి..."

మీసాలాయన పిస్తోలు విప్పాడు. గుండు గొట్టం మధ్యలో ఇరుక్కునే ఉంది. డొప్పను అరచేతిలో దులిపి చూశాడు. తడిసిన మందయితే ముద్దకట్టి కనబడాలట. అక్కడ పలుకు కూడా లేదు. డొప్ప అడుగున నిప్పు రాజేసే బిళ్ళ ఒక్కటే పేలి గుండును అంతదాకా నెట్టిందట. మీసాలాయన మా ఆయన వంక చూశాడు. మా ఆయన నేల వంక చూశారు.

"ఇందులో మందు పొయ్యడమే మర్చిపోయినట్టున్నానే" అన్నారు గొణుగుతూ. "నిన్న బిగిస్తూ బిగిస్తూ ఫోన్‌లో మా తమ్ముడికి నీ చింతపండు సంగతే చెబుతున్నాను. నవ్వు ఆపుకోలేక..."

"అయితే తప్పు నాది కాదా?"

"కాదులేవే."

అంతే, ఏడుపు ఆపేసి, కారెక్కినప్పటినుంచి ఇల్లు చేరేదాకా తిట్టాను.

ఆయన పోయారు. ఆ చెయ్యి మాత్రం అయిదు వేళ్ళతో చివరిదాకా నా చేతిని పట్టుకునే ఉంది. ఆ ఒక్క కేక వేసినందుకు మీసాలాయన ఎక్కడున్నా చల్లగా ఉండాలి. ఇప్పుడైతే దారంతా అలా తిట్టేదాన్ని కాదేమో అనుకుంటాను. ఏమో, తిట్టేదాన్నే. ఎంత తిడుతున్నా ఆయన ముసిముసిగా నవ్వుకుంటూ, ఆ చేత్తోనే స్టీరింగ్ మీద దరువు వేస్తూ కూచున్నారు మరి.