మిల్లు గేటు దగ్గర దించని లారీ

ఇచ్చోడలో ఒక పత్తి మిల్లు ఆఫీసులో ఈ నెలలోనే పనికి కుదిరాను. అందరికీ చాయ్ పెట్టి పోయడం, తర్వాత ఫ్యాను కింద కూర్చోవడం. ఎండలో పత్తి ఏరిన ఒంటికి హాయిగా ఉంది.

ఈ రోజు ఒక లారీ డ్రైవరు ఇనుప రాడ్డుతో లోపలికి వచ్చాడు. తన లారీని లోడు దించకుండా రోజుల తరబడి నిలబెట్టారని మేనేజరు సారు నెత్తి పగలగొట్టాడు. సారు రక్తంతో కిందపడినా డ్రైవరు మళ్లీ రాడ్డు ఎత్తాడు. నా చేతిలో ఉన్న మరిగే చాయ్ అతని చేతి మీద పోశాను. రాడ్డు జారింది. అతను నా గొంతు పట్టి గోడకేసి గుద్దాడు.

“ముసలోడా, గీయన నీకేమైతడురా?”

“ఏం గాడు బిడ్డా. మొన్ననే నౌకరి ఇచ్చిండు. గాయన సస్తే నాకు మళ్ల ఎవలిస్తరు?”

అతను నన్నే చూస్తూ గొంతు వదిలేశాడు. కాలిన చేతితో అక్కడే కూలబడ్డాడు. ఆ చేతి మీద నేనే చల్లనీళ్లు పోశాను.

సారుకు కుట్లు పడ్డాయి, ప్రాణానికి భయం లేదట. డ్రైవరును పోలీసులు తీసుకుపోయారు. అతని లారీ మాత్రం ఇంకా గేటు దగ్గరే ఉంది. ముందు దాన్ని దించమని రేపు సారుకు చెబుదామనుకుంటున్నాను. చెబితే నా నౌకరి ఉంటుందంటారా?