నిర్మల ముట్టుకుంటే పడిపోయే కరెంటు

2022 వర్షాకాలం. బరంపురంలో ఓ ఇంటి పెరట్లో రేకుల షెడ్డు, అందులో అప్పడాల పిండి కలిపే మోటారు మిషన్. ఎనిమిదో క్లాసులో బడికి దండం పెట్టి వైర్లు పట్టుకున్నవాణ్ణి నేను. చేతికన్నా నోరు ముందు పనిచేస్తుందని ఊళ్లో పేరు.

ఆ మిషన్ కొనిపించింది కోడలు నిర్మల. పిండి దంచలేక భుజాలు పడిపోతుంటే, భర్తను ఏడాదిపాటు పోరి తెప్పించుకుంది. తీరా ఆమె ముట్టుకుంటే చాలు, ఇల్లంతా కరెంటు పోతోంది. అత్తగారు ముట్టుకుంటే పోదు.

"సూడు మిస్త్రీ, ఇది సెయ్యెడితే సాలు, ఠప్పుమంటాది!" అంది అత్తగారు.

"నాకు జిల్లుమంటాదన్నా," అంది నిర్మల మెల్లగా.

"పని తప్పించుకోడానికి ఏటేటో సెప్తాది."

నేను బూట్లతోనే వెళ్లి మిషన్ వేశాను. గిర్రున తిరిగింది. పడిపోతున్నది ఆర్‌సీసీబీ. కరెంటు దారి తప్పి మనిషిలోంచో గోడలోంచో నేలలోకి జారితే, వెంటనే సప్లై కోసేసే స్విచ్చి అది. దాని టెస్ట్ బటన్ నొక్కి చూశాను, బాగానే ఉంది. కారణం దొరకలేదు. దొరకలేదని చెప్పడానికి నామోషీ.

"డాక్టర్లకే కాదు పిన్నీ, కరెంటుకీ హస్తవాసి ఉంటాది. మీ కోడలిది కుదర్నేదు."

అందరూ నవ్వారు, భర్తతో సహా. నిర్మల నవ్వలేదు.

మూడు వారాల తర్వాత మళ్లీ పిలుపు. నిర్మలను షెడ్డు గడప తొక్కనివ్వడం మానేశారు. నీ సెయ్యి మంచిది కాదని మిస్త్రీయే సెప్పాడు కదా అన్నారట. మిషన్ మీద కూలికి ఒకామెను పెట్టుకున్నారు. ఆ రోజు ఆమె చెప్పు తెగింది, ఒట్టి కాళ్లతో మిషన్ ముట్టుకుంది, స్విచ్చి ట్రిప్పయి కరెంటు పోయింది.

"మిషన్ పాడైపోనాది, సూడు," అంది అత్తగారు.

కూలిమనిషి ముట్టుకుంటే పాడైంది మిషన్. కోడలు ముట్టుకుంటే పాడైంది చెయ్యి.

ఈసారి నోరు మూసుకుని కాళ్లు చూశాను. అత్తగారికి మడమలు పగిలాయని డాక్టరు రాసిన రబ్బరు చెప్పులు. నిర్మలవి తడి నేల మీద ఒట్టి కాళ్లు. అత్తగారి ఎదుట కోడలు చెప్పులేసుకోకూడదు మరి. మోటారుకి మెగ్గర్ పెట్టాను. వైరు తొడుగులోంచి కరెంటు కారుతోందా అని కొలిచే మీటరు అది. కారుతోంది. పిండి కలిపే ఉప్పునీళ్లు, మోటారు వైర్లు కలిసే టెర్మినల్ పెట్టెలోకి దిగాయి. ఆ కారే కరెంటును నేలలోకి దించాల్సిన ఎర్త్ పిన్ను, బోర్డులో పట్టడం లేదని భర్త ఎప్పుడో కోసేశాడు. ఇక కరెంటుకి మిగిలిన దారి నిర్మల ఒళ్లే. పడిపోయిన ప్రతిసారీ ఆ స్విచ్చి ఆమె ప్రాణం కాసింది.

పెట్టె ఆరబెట్టి, వైర్లు మార్చి, ఎర్త్ కలిపాను. తర్వాత అందరి ముందూ అన్నాను.

"తప్పు నాది పిన్నీ. ఆ రోజు ఏటీ తెలీక కూశాను. నిర్మల సేతిలో ఏ దోసమూ నేదు."

"అన్నోడివి నువ్వే, కాదన్నోడివీ నువ్వే. ఏది నమ్మమంటావు? ఉండనీ, తర్వాత సూద్దాం," అంది అత్తగారు.

వసారాలో అంట్లు తోముతున్న నిర్మల తలెత్తింది.

"జిల్లుమంటాదని ఆ రోజే సెప్పినాను కదన్నా. ఈళ్లు ఇన్నేదు. నువ్వు ఇన్నావు. ఇనీ నవ్వించావు."

సామాన్లు సర్దుకుని వచ్చేశాను. ఆమెను ఇప్పటికీ షెడ్డులోకి రానివ్వడం లేదని విన్నాను.

ఇప్పుడు ట్రిప్పు కేసు ఎక్కడ వచ్చినా, మీటరు తీయకముందే ముట్టుకున్న మనిషిని అడుగుతాను, ఒంట్లో ఏమనిపించిందని. చాలా ఇళ్లలో ఆ ముట్టుకున్నామె నోరు విప్పేలోగా పక్కవాళ్లు చెప్పేస్తారు. వాళ్లను చెప్పనిచ్చి, మళ్లీ ఆమెనే అడుగుతాను.