గోడవతల చెంచా

పక్క ఫ్లాట్ కాకా పోయారని ఆయన కూతురు బార్డోలీ నుంచి పొద్దున్నే ఫోన్ చేసింది. "బాపు పోయిండక్కా. నిన్న సాయంత్రం ఏడింటికి, మా ఇంట్లనే." 'లేదమ్మా, ఏడింటికి ఇక్కడే ఉన్నారు' అనబోయి ఆగాను.

కాకా మన తెలుగువారే, బ్యాంకులో చేసి సూరత్‌లోనే రిటైరయ్యారు. గుజరాతీ రాక బజారుకెళ్లడానికే వణికే నాకు కూరగాయలు బేరమాడటం నేర్పింది ఆయనే. మందు నిషేధమున్న ఊళ్లో ఆయనకి డాక్టరు చీటీతో తెచ్చుకున్న పర్మిట్ ఉండేది. మావారు ఎదురుగా కూర్చుని గుటకలు మింగినా చుక్క పోసేవారు కాదు. "పర్మిట్ నాది, ముచ్చట మనందరిది" అనేవారు.

పోయిన భార్య పెట్టిన షరతు ప్రకారం స్కాచ్ ఒక వంతు, వర్మూత్ రెండు వంతులు. వర్మూత్ అంటే మూలికలు నానబెట్టిన వైన్. "కషాయమే బిడ్డా, జర నవ్వు కలిపిన కషాయం. గిలక్కొట్టొద్దు, ఐసుల మెల్లగ తిప్పాలె."

ఒంటరి మనిషి, గుండె జబ్బు. అందుకని మాకో ఒప్పందం. ఏడింటికి ఆయన వంటింటి గోడ పక్కన గ్లాసులో చెంచా తిప్పుతారు. అది విని నేను ఇవతల గరిటెతో గోడ మీద రెండుసార్లు కొట్టాలి. అప్పుడాపి తాగుతారు. "నువ్వు కొట్టేదాక తిప్పుతనే ఉంట. ఐసంత కరిగి నీళ్లయితే పాపం నీదే."

ఆయన పోయిన సాయంత్రం కూడా చెంచా చప్పుడు వినబడింది. నెల క్రితం కూతురింటికెళ్లిన మనిషి చెప్పకుండా వచ్చేశారని అలిగాను. 'తిప్పండి, తిప్పండి' అనుకుంటూ చపాతీలు చేసుకున్నాను. కొట్టలేదు.

కబురు తెలిశాక మా దగ్గరున్న తాళంచెవితో తలుపు తీశాం. గ్లాసు బోర్లించి ఉంది, పైనంతా దుమ్ము. పొడుగు చెంచా మాత్రం తడిగా ఉంది. మావారు దాన్ని తుడిచి సొరుగులో పెట్టేశారు.

అప్పట్నుంచి రోజూ ఏడింటికి మొదలవుతోంది. రోజురోజుకీ ఇంకాస్త ఎక్కువసేపు. భయం లేదంటే అబద్ధం. రేపు కూతురొచ్చి ఇల్లు ఖాళీ చేస్తుంది. రెండు దెబ్బలు కొడితే చాలు, కాకా నిశ్చింతగా వెళ్లిపోతారు. కానీ నాకే ఆయన్ని పంపబుద్ధి కావడం లేదు.

ఇప్పుడూ గరిటె పట్టుకుని గోడ దగ్గరే నిలబడ్డాను. అవతల ఐసు గలగల ఎప్పుడో ఆగిపోయింది. ఒట్టి నీళ్లలో చెంచా ఇంకా తిరుగుతూనే ఉంది.