విమానానికి డప్పుల స్వాగతం

ముందే ఒప్పుకుంటున్నాను, నేను గోరంతను కొండంత చేసే మనిషిని. మా ఇంట్లో నా మాటలో సగం తీసేసి, మిగిలిన దాన్ని మళ్లీ సగం చేసి నమ్ముతారు. మీరూ అలాగే కానివ్వండి.

ఆ ఉదయం ఎల్లారెడ్డి మైదానంలో లక్ష మంది ఉన్నాం. యుద్ధకాలం నాటి రెండు పంకాల విమానం ఒకటి హైదరాబాద్‌లో ప్రదర్శనకు పోతూ మా నెత్తి మీదుగా వెళ్తుందని కబురు. మహారాష్ట్ర సరిహద్దులోని మద్నూర్ వాళ్లు మరాఠీలో, మిగతావాళ్లు తెలుగులో ఖాళీ ఆకాశాన్ని తిడుతున్నారు. నా బట్టతల మీద జొన్నరొట్టె కాల్చుకోవచ్చు, అంత ఎండ.

కామారెడ్డి నుంచి మా నాన్నను, అదే మా బాపును, బస్సులో తీసుకొచ్చాను. పడుచుతనంలో ఆయన అలాంటి విమానాల ఇంజన్లు తుడిచే పని చేశాడు. ఇప్పుడు చూపు లేదు. ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడి చెవి కూడా ఈ ఏడాది దాటదని డాక్టరు చెప్పేశాడు.

"సూసేటోళ్లు సూడుండ్రి. నాకు దాని మోత ఒక్కసారి ఇనవడితె సాలు," అన్నాడు బాపు.

ఉత్తరాన చుక్క కనబడిందని ఎవరో అన్నారు. అంతే, డప్పులు మొదలయ్యాయి. పెళ్లికొడుకు వచ్చినా, నాయకుడు వచ్చినా డప్పులతో ఎదుర్కోవడం మా దగ్గర రివాజు. విమానానికి వద్దని ఎవరికి తోస్తుంది? నలభై డప్పులు. ఎక్కడో దూరాన ఉన్న బీబీపేటలో గోడలు బీటలువారాయి.

జనాన్ని తోసుకుంటూ పోయి డప్పుల పెద్ద ముందు నిలబడ్డాను.

"అన్నా, జెర ఆపుండ్రి. మా బాపుకు కండ్లు లేవు, ఇమానం సప్పుడు ఇంటడంట."

"ఏందన్నా, ఎమ్మెల్యే వస్తెనే గంటసేపు కొట్టినం. గింత దూరంకెళ్లి వచ్చేదానికి కొట్టకుంటె మన ఇజ్జతేముంటది?"

"నీ కాల్మొక్త."

ఆయన నా ముఖం చూసి చెయ్యెత్తాడు. ముందు వరుస ఆగింది, వెనక వరుసకు తెలియలేదు. ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని ఆపుకుంటూ పోయాను. ఆఖరి డప్పు ఆగేసరికి విమానం దక్షిణాన చుక్కయిపోయింది.

తిరిగి వచ్చేసరికి బాపు కుడి చెవిని ఆకాశానికి తిప్పి నిలబడి ఉన్నాడు.

"ఇన్నవా బాపూ?"

"ఇన్న బిడ్డా. గదే గొంతు, జెర ముసల్దైంది."

లక్ష మంది అన్నాను గానీ మూడు వందల మంది ఉంటారేమో. డప్పులు ఆరు. అవన్నీ పెంచి చెప్పినవే తప్ప కల్పించినవి కావు. నేను కల్పించింది ఒక్కటే, బాపు జవాబు. నేను అడగనేలేదు. అడిగింది ఆయనే.

"డప్పులాగినయి గదా బిడ్డా, ఇగ వస్తదా?"

"వస్తది బాపూ," అని ఆయన పక్కన నిలబడ్డాను.