రెండు వాషర్లు

ఇన్నేండ్లు కడుపుల పెట్టుకున్న. ఇగ నాతోని కాదు. నువ్వు నన్ను ఎరుగవు, నేను నిన్ను ఎరుగ. అందుకే నీకు చెప్తున్న.

తెలంగాణ కొట్లాట నడుస్తున్న దినాలు. నేను జనగామల గుమస్తాను, ఆఫీసు సమ్మెల ఉండె. పొద్దున టెంటు కింద కూసునుడు, బందు ఉన్ననాడు మధ్యాహ్నం ఖాళీ రోడ్డు మీద రిమోట్ కార్లు ఉరికిచ్చుడు. నాకు గా పిచ్చి అంటించింది ఖాజా. బస్టాండు కాడ గడియారాలు బాగు చేసేటోడు. నాకంటె చిన్నోడు, అన్నా అని పిలిచెటోడు. నా కారు గూడ వాడే సరి చేసెటోడు.

మలుపుల కారు ఒక పక్కకు ఒరుగుతది కద. ఏ కాడ పట్టుకొని ఒరుగుతదో దాన్ని రోల్ సెంటర్ అంటరు. కంటికి కనబడదు. ముందటి చక్రాన్ని పట్టుకునే పైకడ్డీకి, లోపలి కొన కింద సన్నని వాషర్లు వేసి దాన్ని జరుపుతరు. వాషర్లు ఎక్కువైతే అది కిందికి దిగుతది, కారు ఇంకింత ఒరుగుతది, కాలిన తారు మీద బోల్తా పడ్తది. ఇదంత నాకు నేర్పింది ఖాజానే.

చెయ్యంటే ఖాజాది అని అందరు అనేటోళ్లు. నాకు మండేది. వాడు నాకేం తక్కువ చేసిండని మండేదో ఇప్పటికీ తెల్వది.

పోటీ పెట్టుకున్ననాడు, రోడ్డు మీద రాళ్లు పెట్టి మలుపులు చేసినం. వాడు కారు నాకు అప్పజెప్పి నమాజుకు పోయిండు. నేను రెండు వాషర్లు ఎక్కువ వేసిన. అంతే. షట్టర్లన్ని మూసున్నయి, కుక్క గూడ లేదు, కార్ల సన్న మోత తప్ప సప్పుడు లేదు. మూడో మలుపుల వాని కారు మెల్లగ ఒరిగి, ఎవరో చేత్తోని తిప్పినట్టు బోర్ల పడ్డది. వాడు విప్పి చూసిండు, లెక్కపెట్టిండు.

"నువ్వేమన్న ముట్టినవా అన్నా?"

"నేనెందుకు ముడ్త?"

"అయితే నా చెయ్యే తప్పింది."

చెయ్యి సాపి చూసుకున్నడు. ఎన్నడు వణకని చెయ్యి, నేను చూస్తుండంగనే వణికింది. తెల్లారి నుంచి గడియారాలల్ల మరలు పట్టలేకపోయిండు. నెల తిరగంగనే దుకాణం మూసి, కారు నాకిచ్చి, భూపాలపల్లికి చెల్లె ఇంటికి పోయిండు. ఒక్క మాట చెప్తే నిలబడేటోడు. ఎందుకు చెప్పలే? భయమా? లేక వాడు లేకుంటే జనం నన్ను మెచ్చుకుంటరని లోపల ఎక్కడన్న ఆశ ఉండెనా?

కారుకు ఇంక అట్లనే ఉన్న ఆ రెండు వాషర్లు విప్పి సున్నం డబ్బాల వేసిన. కారు బీరువా మీద పెట్టిన. కొన్నేండ్లకు తుడుద్దామని తిప్పితే, కడ్డీ కింద మళ్ల రెండు ఎక్కువున్నయి. డబ్బా ఖాళీ. తీసి డబ్బాల వేసిన. ఏడాదికి మళ్ల గట్లనే. ఇంట్ల నేనొక్కన్నే ఉంట. నేనే పెడుతున్ననా, నిద్రల? నాకు యాదికి లేదు.

మొన్న భూపాలపల్లి పోయిన. ఖాజా బట్టల దుకాణం ముందట వచ్చేటోళ్ల చెప్పులు చూసుకుంటున్నడు. నా చెప్పులు గూడ తీసి పక్కకు పెట్టిండు, తలెత్తలే. చేతులు ఇంక వణుకుతనే ఉన్నయి. చెప్పులు తొడుక్కొని ఎనకకు వచ్చిన.

వాని ముందట చెప్పాల్సిన జవాబు నీ ముందట చెప్తున్న. చెప్తుంటే ఊపిరి జర ఆడుతుంది, గంతే. ముట్టిన ఖాజా. నేనే ముట్టిన.