కుప్పం బస్సులో వచ్చిన క్యాసెట్

నాకు మనుషుల మీద నమ్మకం తక్కువ. మదనపల్లెలో టమోటాలు కొన్నా బుట్ట అడుగు దాకా చెయ్యి పెట్టి చూడనిదే ఇంటికి తీసుకురాను. ఊర్లో వీధికొక ఇంటర్నెట్ సెంటర్ తెరుస్తున్న రోజుల్లో, నేను అటక మీద నుంచి నా పడుచుతనపు కంప్యూటర్‌ను దించాను. దానికి తెర లేదు, డిస్కు లేదు. కీబోర్డే కంప్యూటర్. టీవీకి తగిలించి వాడాలి. ప్రోగ్రాములు మామూలు పాటల క్యాసెట్ల మీదే కీచుమనే మోతగా ఉంటాయి. టేప్ రికార్డర్ నుంచి వైరు పెట్టి ఆ మోతను అందిస్తే కంప్యూటర్ చదువుకుంటుంది.

దాని పవర్ సప్లై ఎప్పుడో కాలిపోయింది. రిపేరు షాపతను వదిలేసి పొమ్మన్నాడు. వదిలేస్తే లోపలి సామాను ఏ రేడియోలోకి పోతుందో ఎవరికి తెలుసు? తిరిగొచ్చి, టంకం పెట్టే సోల్డరింగ్ ఐరన్ కొని, ఉబ్బిపోయిన కెపాసిటర్లను నేనే మార్చాను. "అది పేలితే టీవీ గూడా పోతాది" అని నా భార్య గుమ్మం దగ్గరే నిలబడింది. ఏమీ పేలలేదు. టీవీ తెర మీద చిన్న నల్ల చదరం ఆరుతూ వెలుగుతూ కనిపించింది. నాకు ప్రాణం లేచి వచ్చింది.

ఇంత తిప్పలు పడింది ఒక ఆట కోసం. ఎనభైల చివర్లో మేం పుంగనూరులో ఉన్నప్పుడు నేను రాసిన ఆట. పైనుంచి టమోటాలు రాలుతుంటాయి, కింద బుట్టను జరుపుతూ పట్టుకోవాలి. అంతే. కానీ నా బతుకులో ఎవరినీ చూసి రాయకుండా, నా అంతట నేను చేసింది అదొక్కటే. అది ఒకే ఒక క్యాసెట్‌లో ఉంది. నాకు తెలిసినంతలో అలాంటి కంప్యూటరే ఉన్న మరో మనిషి కుప్పంలో నా స్నేహితుడు. అతను క్యాసెట్లను పేపర్లో చుట్టి బస్సు డ్రైవర్ చేతికిస్తే, పుంగనూరు బస్టాండులో టీ కొట్టు దగ్గర దించేవాడు. మా ఇంట్లో ఎవరు అటు వెళితే వాళ్లు తెచ్చేవాళ్లు. నా ఆట అలా కుప్పం వెళ్లి తిరిగొచ్చేసరికి నా కంప్యూటర్ పవర్ సప్లై కాలిపోయింది. అన్నీ కట్టగట్టి అటకెక్కించాను.

ఇప్పుడు పెడితే ఆట సగం దాకా ఎక్కి ఆగిపోయింది. టేప్ రికార్డర్ హెడ్డును స్పిరిట్‌తో తుడిచాను, పక్కనున్న స్క్రూను ఇటూ అటూ తిప్పాను, రబ్బరు బెల్టు మార్చాను. మళ్లీ అక్కడే ఆగింది. మిగతా క్యాసెట్లు బాగానే ఎక్కుతున్నాయి. అంటే తప్పు మిషన్‌ది కాదు. ఈ క్యాసెట్ చివరగా ఎవరి దగ్గరుంది? కుప్పానికి ఫోన్ చేశాను.

"నా ఆట మీద నువ్వేమన్నా రికార్డు చేసినావా?"

"నీ టమోటాలు నాకేలప్పా?"

"మరి సగంలో యాల ఆగిపోతాండాది?"

"ఆదివారం వస్తా. నేనే సూస్తా."

పిలవకుండానే వస్తానంటున్నాడంటే నాకు అనుమానం ఇంకా ముదిరింది. వచ్చాక అతని చేతిసంచీ మీదే ఒక కన్ను వేసి ఉంచాను. అతను కాఫీ తాగి, "ఆ వైరు పీకేసి ఒకసారి చెవితో వినప్పా" అన్నాడు. వైరు గుచ్చి ఉంటే టేప్ రికార్డర్ స్పీకర్ పలకదు, కాబట్టి నేను ఇన్ని రోజులూ ఆ క్యాసెట్‌ను విననే లేదు. తప్పించుకోవడానికే అంటున్నాడనుకుంటూ వైరు పీకాను.

కీచుమని మోత. ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆ తర్వాత అమ్మ గొంతు.

అమ్మ పోయి అప్పటికి చాలా ఏళ్లు. మా దగ్గర ఆమె ఫొటో ఒకటుంది. గొంతు ఎక్కడా లేదు.

పక్కింటావిడతో చెబుతోంది: "కుప్పం నుంచి ఊరికూరికే వస్తాండాయక్కా ఇవి, బస్సులో. వీడేమో పెండ్లి మాటెత్తితే మూతి ముడుస్తాడు. ఆ ఊర్లో ఎవతో ఉండాది. దీంట్లో ఏం సెప్పి పంపిందో విందామంటే ఒకటే కీసు కీసు."

"ఇప్పుడు అది గూడా వినపల్యా. బొత్తాం సరిగ్గా నొక్కినావా?"

"వాడు రెండు బొత్తాలూ కలిపి నొక్కుతాడు, సూసినా గదా. అట్లనే నొక్కినా."

రెండూ కలిపి నొక్కితే రికార్డవుతుంది. నేను ఆటను దాచుకునేటప్పుడు అలా నొక్కడం అమ్మ ఓ కంట కనిపెట్టినట్టుంది. లేని పిల్ల కోసం వెతుకుతూ నా ఆటను చెరిపేసింది.

నా స్నేహితుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "నీ అనుమానం యాడిదో ఇప్పుడు తెలిసిందిలేప్పా!" నాకు నవ్వు రాలేదు. క్యాసెట్ తిరుగుతూనే ఉంది. చెప్పుల చప్పుడు వినిపించింది. తర్వాత కుర్రాడి గొంతు ఒకటి, గద్దిస్తున్నట్టు: "ఏం చేస్తాండావమ్మా ఆడ?"

అది నేనే.

"ఏం లేదప్పా, దుమ్ము తుడుస్తాండా. రా, అన్నం తిందువు."

టక్కుమంది. మిగిలిన నా ఆట మళ్లీ కీచుమంటూ మొదలైంది. అతని ముందే, సిగ్గు లేకుండా, వెక్కి వెక్కి ఏడ్చాను. అతను నవ్వు ఆపి నా భుజం మీద చెయ్యి వేశాడు.

ఆటదేముంది, మళ్లీ రాసుకుంటాను. అమ్మ ఆడిన ఆ అబద్ధాన్ని ఇంకెక్కడ వెతుక్కునేది? క్యాసెట్‌ను బయటికి తీసి, దాని మీద ఇంకెవరూ ఏదీ రికార్డు చేయకుండా, పైమూలనున్న ప్లాస్టిక్ ముక్కను విరిచేశాను.