టేపు కింది పేరు

రూడీ తన చివరి రోజు పొద్దున్నే చేసిన పని, చొక్కా వీపు మీద ఊడిపోతున్న టేపును మళ్ళీ అంటించడం. జులైలో పిట్స్‌బర్గ్ జట్టు పిక్కెట్‌ను క్లీవ్‌లాండ్‌కు ఇచ్చేసి, ఊరూపేరూ లేని ఇద్దరు కుర్రాళ్ళను తెచ్చుకుంది. వెళ్ళిపోయిన ఆటగాడి పేరును బేస్‌బాల్ అభిమానులు చొక్కా మీద అలా కప్పేస్తారు.

“వాణ్ణి వదిలించుకోండని జూన్ అంతా టీవీ మీద అరిచింది నువ్వే కదా,” అంది భార్య బెర్నడీన్.

“అరిస్తే ఇచ్చేయడమేనా? ఈ దద్దమ్మలు ఇంకెప్పుడైనా నా మాట విన్నారా? సర్లే, బంతికి బ్యాటు తగిలించలేని సన్నాసి. వాడి ఊసు నా దగ్గర ఎత్తకు.”

“పొద్దున్నుంచీ ఎత్తుతోంది నువ్వే.”

రూడీ రోజూలాగే కారు కడుగుతానని గ్యారేజీకి వెళ్ళాడు. ఆ కారు ఎన్నడూ శుభ్రంగా లేదు. తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నాక గుండె ఆగిపోయింది.

ఆ చొక్కాతోనే సాగనంపుతూ మరిది, “టేపు పీకెయ్యనా వదినా?” అని అడిగాడు.

“వద్దు. పైనుంచి కూడా నన్నే తిడతాడు.”

శ్మశానం నుంచి ఆమె రూడీ కారులో బయల్దేరింది. తాళం తిప్పగానే రేడియో మోగింది. అది క్లీవ్‌లాండ్ స్టేషన్. పిక్కెట్ మళ్ళీ బంతికి బ్యాటు తగిలించలేకపోయాడని వ్యాఖ్యాత చెబుతున్నాడు.